ఫోను పాడనక్కర్లేదు, వింటే చాలు

సూరత్‌లో లింబాయత్ వైపు ఒక తెలుగు బడి. రెండో తరగతి, శుక్రవారం ఆఖరి పీరియడు. గదిలో నలభై మందికి పైనే పిల్లలు. పాట నేర్పాలి కదా అని యూట్యూబ్‌లో ఒక పిల్లల పాట పెట్టి, ఫోనును బ్లూటూత్ స్పీకరుకు కలిపి బల్ల మీద ఉంచాను. స్పీకరు పాడింది, పిల్లలు అరిచారు. మధ్యలో ఏదో సబ్బు ప్రకటన వస్తే దానికీ అంతే గొంతెత్తారు. స్పీకరు సౌండు పెంచితే వాళ్లూ పెంచారు. పావుగంట గడిచేసరికి పక్క క్లాసు టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పావుగంటలో పిల్లలు నేర్చుకున్నది ఏమీ లేదు.

మరుసటి శుక్రవారం స్పీకరు తీసుకెళ్లలేదు. ఫోనులో రికార్డరు నొక్కి, డస్టరుకు ఆనించి నిలబెట్టాను. వాళ్లకు ముందే వచ్చిన ప్రార్థన గీతంలో మొదటి రెండు వరుసలు పాడమన్నాను. ఇరవై సెకన్లు. ఆపి, అదే వినిపించాను. ఫోను సౌండు చిన్నది కాబట్టి వినాలంటే మెదలకుండా ఉండాలి. ఉన్నారు. మూడో వరుసలోని ఒక పిల్ల నోరు తెరుచుకుని విని, "సార్, గది మనమేనా?" అంది.

"మనమే."

"మస్తు ఒర్లుతున్నం సార్."

మళ్లీ పాడదామా అంటే అందరూ తలూపారు. రెండోసారి గొంతు తగ్గించమని నేను చెప్పలేదు. వాళ్లే తగ్గించారు. ఒకరి గొంతు ఒకరికి వినబడేంత తగ్గించారు. నాకు తెలిసిన సంగీత పాఠాల్లో అంత తొందరగా పని చేసినది ఇంకోటి లేదు.

ప్రాథమిక పాఠశాలలో పాట చెప్పాల్సి వచ్చిన టీచర్లకు, ముఖ్యంగా సంగీతం నేర్చుకోకుండానే ఆ పీరియడు నెత్తిన పడిన వాళ్లకు, నేను చెప్పదలచుకున్నది ఇదే. మన చేతిలోని యంత్రాన్ని పాడే పెట్టెగా వాడితే పిల్లలు దానితో పోటీ పడతారు. దాన్ని చెవిగా వాడితే తమను తాము వింటారు.

సూరత్‌లో ఈ మాటకు ఇంకా బరువుంది. నగర ప్రాథమిక శిక్షణ సమితి ఈ ఊళ్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్ మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ తెలుగు బడుల్లో కూర్చునే పిల్లల్లో చాలామంది సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చిన పద్మశాలీల ఇళ్ల పిల్లలు. తండ్రి సాంచా (మరమగ్గం) మీద పన్నెండు గంటల షిఫ్టు చేసి వస్తాడు. లింబాయత్, ఉధ్నా, గోడాదరా, డిండోలీ సందుల్లో పోతుంటే కార్ఖానా కనబడకముందే దాని చప్పుడు వినబడుతుంది. మరమగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్లు దాటుతుంది. ఏళ్ల తరబడి అందులో పని చేసిన వాళ్ల వినికిడి తగ్గుతుంది, ఇంట్లో మాట పెద్దదవుతుంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడికి గట్టిగా మాట్లాడటమే మామూలు మాట. అలాంటి పిల్లల ముందు పెద్ద స్పీకరు పెట్టడమంటే ఇంకో సాంచా తెచ్చి పెట్టడమే. వాళ్లకు మనం ఇవ్వగలిగింది ముందు నిశ్శబ్దం, ఆ తరువాత స్వరం. అందుకే నా పీరియడు పాటతో మొదలుకాదు. కిటికీ వైపు చెవిపెట్టి అర నిమిషం వినమంటాను. ఏమేమి వినబడ్డాయో చెప్పమంటాను. సాంచా, ఆటో హారను, పై అంతస్తులో ఎక్కాలు, పావురం. అందులో ఏది ఆగకుండా ఒకే లెక్కన మోగుతోంది? సాంచా. తాళం గురించి పాఠం అక్కడే మొదలవుతుంది, పలక మీద ఒక్క అక్షరం రాయకుండా.

ఇక పనిముట్ల సంగతి. మొదట కావలసింది శ్రుతి. పాత రోజుల్లో హార్మోనియంతోనో శ్రుతిపెట్టెతోనో నడిచేది. ఇప్పుడు ఉచితంగా దొరికే తంబూరా యాప్ ఒకటి చాలు. ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్ లేకున్నా పనిచేసేది చూసుకోండి. తరగతిలోకి వెళ్లేముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. శ్రుతి మోగుతుండగా లోన్ కావాలా అంటూ ఫోను వస్తే, పది నిమిషాలు కష్టపడి కుదిర్చిన గది ఒక్క రింగుకు చెదిరిపోతుంది.

శ్రుతి ఎంత పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. పిల్లలకు సంగీతం రాదని మనం అనుకునే సందర్భాల్లో సగం, శ్రుతి వాళ్లకు సరిపోనివే. మగ టీచరు తన గొంతుకు హాయిగా ఉండే చోట పాడతాడు. పిల్లల గొంతు సహజంగా దానికి పై స్థాయిలో ఉంటుంది. కొందరు సరిగానే పై స్థాయిలో అందుకుంటారు. మిగిలిన వాళ్లు సార్ గొంతునే అనుకరించబోయి, గొంతు కిందికి నొక్కుకుని గుర్రుమంటారు. వాళ్లను చెవిలేని వాళ్లని వెనక వరుసకు పంపేస్తాం. వాళ్ల చెవి బాగానే ఉంది. వాళ్లకు అందిన నమూనాయే వాళ్ల గొంతుకు కుదిరేది కాదు. సినిమా పాట కరోకే పెట్టినా ఇదే జరుగుతుంది. అది పెద్దవాళ్ల గొంతు కొలతకు కుట్టిన బట్ట.

నేను చేసే పని చెబుతాను. తంబూరా యాప్‌లో ఐదున్నర శ్రుతి పెట్టి సరిగమపదనిస పాడిస్తాను, తరువాత ఆరు, ఆపైన ఆరున్నర. ఈ మూడింటిలో ఏది కుదిరిందో ముఖాలు చూసి చెప్పొచ్చు. కింది షడ్జం దగ్గర గడ్డాలు మెడకు ఆనుకుంటే శ్రుతి తక్కువైనట్టు. పై షడ్జం దగ్గర భుజాలు, కనుబొమలు లేస్తే ఎక్కువైనట్టు. రెండూ లేని చోట ఆగి, ఆ అంకెను హాజరుపట్టీ వెనక అట్ట మీద రాసుకోండి. ఒక్కో తరగతికి ఒక్కో అంకె వస్తుంది. ఐదో తరగతికి కుదిరింది రెండో తరగతికి కుదరకపోవచ్చు.

తరువాత నమూనా గొంతు. మీ గొంతు పిల్లలకు అందడం లేదనుకుంటే, తరగతిలోనే స్వరం సరిగా పట్టిన పిల్లనో పిల్లవాడినో వెతకండి. ఆ గొంతులో ఒక్కో వరుస రికార్డు చేసి మిగతా వాళ్లకు వినిపించండి. సాటి పిల్లల గొంతును పిల్లలు అందుకున్నంత తేలిగ్గా పెద్దగొంతును అందుకోలేరు. ఎప్పుడూ ఒకే పిల్లను పెట్టకండి. వారానికొకరు మారాలి. వెనక వరుసలో గుర్రుమనే పిల్లవాడు రెండు నెలలకు సరిగా పట్టిన రోజు, ఆ వారం గొంతు వాడిదే కావాలి. ఆ రోజు వాడి ముఖం చూడండి.

రికార్డు చేసి వినిపించడంలో ఒక క్రమం ఉంది. ముప్పై సెకన్లు దాటనివ్వకండి. దాటితే వినే ఓపిక ఉండదు. వినిపించేముందు ఒకే ఒక్క ప్రశ్న వేయండి. "అందరం ఒకేసారి మొదలుపెట్టామా?" ఇంకోసారి, "చివరి అక్షరం ఎవరైనా ముందే వదిలేశారా?" మరోసారి, "మధ్యలో పరుగెత్తామా?" బాగుందా బాగాలేదా అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే "బాగుంది సార్" అని కోరస్ వస్తుంది, పాఠం అక్కడే ముగుస్తుంది. ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వినే పిల్లవాడు నిజంగా వింటాడు. సమాధానం వచ్చాక మళ్లీ పాడించి, మళ్లీ రికార్డు చేసి, రెండూ ఒకదాని తరువాత ఒకటి వినిపించండి. మార్పు వాళ్లకే తెలుస్తుంది.

స్పీకరు అసలు వద్దని కాదు. తాళానికి కావాలి. కానీ బ్లూటూత్ స్పీకరులో చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తుంది. పాట పెట్టి వినడానికి ఆ ఆలస్యం తెలియదు. ఫోను తెరమీద డప్పు యాప్ పెట్టి పిల్లవాణ్ణి వాయించమంటే మాత్రం వేలు పడిన తరువాత దెబ్బ వినిపిస్తుంది. వాడు ఎదురుచూస్తాడు, తాళం జారుతుంది. తప్పు వాడిదనుకుంటాం. దానికి తీగ ఉన్న స్పీకరు వాడండి, లేదా ఫోను స్పీకరుతోనే సరిపెట్టుకోండి. అన్నిటికంటే మేలు, పిల్లల చేతుల్లో చెక్క స్కేళ్లు, ఖాళీ దారపు కండెలు. సూరత్‌లో కండెలకు కరువు లేదు. కోలాటం కర్రల్లా కొట్టుకోవడానికి అంత బాగా కుదిరేవి ఇంకేం దొరుకుతాయి? ఫోనులో మెట్రోనోమ్‌ను నిమిషానికి 80 దెబ్బల దగ్గర పెట్టండి. పిల్లలు చప్పట్లు కలిపాక సౌండు పూర్తిగా తగ్గించి, నాలుగు ఆవర్తాల తరువాత మళ్లీ పెంచండి. అప్పటికీ కలిసే ఉన్నారా, ముందుకు పోయారా? ఈ ఆట ఆడించడం మొదలుపెట్టాక మా పిల్లలు శుక్రవారం కోసం చూడసాగారు.

ఆశ్వయుజం దగ్గరపడిందంటే సూరత్‌లో తెలుగు టీచరుకు దేశంలో చాలాచోట్ల దొరకని పాఠం దొరుకుతుంది. మహాలయ అమావాస్యతో మన వీధుల్లో బతుకమ్మ మొదలవుతుంది, మర్నాడు పాడ్యమి నుంచి ఊరంతా గర్బా. రెండింటిలోనూ మధ్యలో దేవత, చుట్టూ వలయం, చప్పట్లు, ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకునే పాట. మన పిల్లలు సాయంత్రం తల్లితో బతుకమ్మ ఆడి, రాత్రి సొసైటీ గేటు దగ్గర గర్బాలో కలుస్తారు. ఒకే ఒంట్లో రెండు తాళాలు మోసే పిల్లలు వీళ్లు. గుజరాత్ గర్బాను 2023 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వార్త తరగతిలో చెప్పండి, దాని పక్కనే మన బతుకమ్మనూ నిలబెట్టండి. ఒక రోజు వీధిలో గర్బా దగ్గర ఒక నిమిషం, వాడకట్టులో బతుకమ్మ దగ్గర ఒక నిమిషం రికార్డు చేసుకుని రండి. రెండూ వినిపించి, ఏ పాట ఎన్ని దెబ్బలకు తిరిగి మొదటికి వస్తోందో పిల్లల చేతే లెక్కపెట్టించండి. గర్బా వాళ్లు బే తాళి అంటే రెండు చప్పట్లు, త్రణ్ తాళి అంటే మూడు. హీంచ్ తాళమైతే ఆరు మాత్రలు. మీకు తాళశాస్త్రం రాకపోయినా పరవాలేదు, పిల్లల కాళ్లకు అది ముందే వచ్చు. వాళ్ల కాళ్లకు వచ్చిన దాన్ని వాళ్ల నోటితో అంకెలుగా చెప్పించడమే మీ పని.

ఇంకో పని ఇంటితో ముడిపడింది. ఈ పిల్లలు బడిలో తెలుగు చదువుతారు, వీధిలో హిందీ, గుజరాతీ మాట్లాడతారు. నాయనమ్మ పాట వాళ్లకు సగమే అర్థమవుతుంది. తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెట్టి చూడండి: "ఇంట్లో పెద్దవాళ్లు పాడే ఒక పాట, ఒక్క నిమిషం, వాయిస్ మెసేజ్‌గా పంపండి." జోలపాట, బతుకమ్మ పాట, ఏదైనా సరే. మొదటి వారం ఇద్దరే పంపుతారు. ఆ రెండు పాటలు తరగతిలో వినిపించండి. తన నాయనమ్మ గొంతు గదిలో వినబడ్డ పిల్ల ఇంటికెళ్లి చెబుతుంది. తరువాతి వారం పన్నెండు వస్తాయి. ఆ పాటల్లో తెలియని మాటలు పలక మీద రాస్తే అదే తెలుగు పాఠం. సిరిసిల్ల ఊరి మాట, నల్లగొండ ఊరి మాట పక్కపక్కన కూర్చుంటాయి. ఇరవై ఏళ్ల తరువాత ఆ పాటలు ఈ ఊళ్లో ఎవరి నోటా ఉండకపోవచ్చు. కాబట్టి వచ్చిన ఫైళ్లు చెరిపేయకండి. పాట పేరు, పాడినవారి సొంతూరు, తేదీ రాసి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచండి.

"నేను సంగీతం నేర్చుకోలేదు, యంత్రం పట్టుకుని పాఠం చెబితే నిజమైన విద్వాంసులు ఏమంటారో" అని జంకే టీచర్లు ఉన్నారు. వాళ్లకు రెండు సంగతులు గుర్తు చేయాలి. ఇక్కడికి దగ్గరలోని వడోదరలో 1886లో మౌలా బక్ష్ గారు సయాజీరావు గాయక్వాడ్ ఆదరణతో సంగీత పాఠశాల మొదలుపెట్టారు. గురువు ఎదుట ఏళ్ల తరబడి కూర్చుంటే తప్ప రాదన్న విద్యను ఆయన స్వరలిపిలో పెట్టి పుస్తకాలుగా అచ్చు వేయించారు, మామూలు ఇళ్ల పిల్లలకు చెప్పించారు. దక్షిణాదికి వెళ్లి కర్ణాటక సంగీతం నేర్చుకుని వచ్చిన మనిషి ఆయన. ఆ కాలానికి కాగితం మీద స్వరమే కొత్త యంత్రం. ఆ పాఠశాలే ఇప్పుడు మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో ప్రదర్శన కళల విభాగం. రెండోది మనకు ఇంకా దగ్గరిది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా తెలుగు పిల్లలకు పరిచయమయ్యారు. వాళ్లు మైకును ఏం చేశారు? తాము పాడి వినిపించడంతో ఆగలేదు. పిల్లలను స్టూడియోకు పిలిచి, పిల్లల చేత పాడించి, పిల్లల నాటకాలు వేయించారు. రేడియో ఉన్న ఇళ్లలో పిల్లలకు వినబడింది పిల్లల గొంతే. మన ఫోను చేయాల్సిందీ అదే.

స్మార్ట్ బోర్డు ఉన్న తరగతి దొరికితే ఒక్క మాట. గూగుల్ 2016లో విడుదల చేసిన క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్ బ్రౌజరులోనే తెరుచుకుంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో సాంగ్ మేకర్ అని ఒకటి ఉంది. గళ్ల మీద వేలు పెడితే రంగు చుక్క పడుతుంది, పైకి పోయిన కొద్దీ స్వరం పెరుగుతుంది. స్వరం ఎక్కడం, దిగడం కంటికి కనబడాలంటే దానికి మించినది నేను చూడలేదు. పాశ్చాత్య మెట్లలో గమకం ఉండదని మరచిపోకండి. ఆ గళ్లలో వేసినది మన పాటకు ఎముకల గూడు మాత్రమే. దాన్ని చూశాక కళ్లు మూసుకుని నోటితో పాడించండి. బోర్డు లేకపోతే నేల మీద సుద్దముక్కతో ఎనిమిది మెట్లు గీసి పిల్లలను ఎక్కించి దించండి, ఫలితం దాదాపు అంతే.

అనుమతుల విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఉద్యోగం పోగొట్టే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పిల్లలు పాడుతున్న వీడియో తీసి స్టేటస్‌లో పెట్టుకోవడం వద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం అడుగుతోంది. చట్టం మాట పక్కన పెట్టినా, ఆ తల్లికి చెప్పకుండా పిల్ల ముఖం ఊరికి చూపించే హక్కు మనకు లేదు. ముఖం అక్కర్లేదు, గొంతు చాలు. విద్యా సంవత్సరం మొదట్లో, జూన్‌లోనే, ఏం రికార్డు చేస్తారో, ఎవరికి వినిపిస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి సంతకాలు తీసుకోండి, ప్రధానోపాధ్యాయుడి సంతకంతో సహా. పాటల హక్కుల సంగతికి వస్తే, బడి లోపల సిబ్బందికి, పిల్లలకు, తల్లిదండ్రులకు పాడి వినిపించుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. అదే సినిమా పాటను యూట్యూబ్‌లో ఎక్కిస్తే ఆ వెసులుబాటు వర్తించదు.

ఇదంతా చేస్తే ఉద్యోగంలో ఏం కలిసొస్తుందని యువ టీచర్లు అడుగుతారు. అడగాలి కూడా. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు "సంగీతం చెబుతాను" అంటే ఎవరూ పట్టించుకోరు. ఒక తరగతి జూన్‌లో పాడినది ఇరవై సెకన్లు, దీపావళి సెలవులకు ముందు పాడినది ఇరవై సెకన్లు వినిపిస్తే, ఎదుట కూర్చున్న వాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు. పిల్లల పేర్లు లేకుండా, అనుమతి ఉన్నవి మాత్రమే పట్టుకెళ్లండి. గొంతు బాగుండి, పూర్తిగా సంగీతం వైపే పోదామనుకునే వాళ్లు అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలి పరీక్షలు ఒక్కొక్కటిగా రాస్తూ విశారద దాకా వెళ్లొచ్చు. ఉద్యోగం చేస్తూనే రాసేవాళ్లు ఎందరో ఉన్నారు. అది హిందుస్తానీ బాట. ఇంట్లో సరళీవరుసలు నేర్చుకుని వచ్చిన తెలుగు అమ్మాయికి మొదట్లో గొంతు తడబడుతుంది. షడ్జం ఒకటే, ఆరు నెలల్లో అలవాటవుతుంది. గుజరాత్‌లో పని చేయాలంటే ఆ కాగితం ఇక్కడి వాళ్లకు అర్థమయ్యే కాగితం.

రేపే మొదలుపెట్టాలనుకుంటే ఖర్చేమీ లేదు. ఫోనులో ఒక ఫోల్డరు తెరవండి. దానికి తరగతి పేరు పెట్టండి. మొదటి ఫైలు మీ పిల్లలు ఇప్పుడు ఎలా పాడుతున్నారో అలాగే, సరిదిద్దకుండా, ముప్పై సెకన్లు. తేదీ వేయండి. అరుపులే వినబడినా చెరపకండి. నా దగ్గర ఆ శుక్రవారం రెండో తరగతి ఫైలు ఇంకా ఉంది. "గది మనమేనా" అన్న పిల్ల ఇప్పుడు ఐదో తరగతి, ఈ వారం నమూనా గొంతు తనదే.